ప్రాపర్ ఛానెల్లో తాళంచెవి

మా కాలువగట్ల పరిరక్షణ మండలికి పరిరక్షించడానికి గట్లేవీ పెద్దగా మిగల్లేదు. కొన్ని వరదకి పోయాయి, కొన్ని ఇళ్ళ స్థలాలయ్యాయి, మిగిలిన వాటి మీద సిమెంటు రోడ్లు పడ్డాయి. పరిరక్షించే సిబ్బంది మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాం. ఇంతమందిమి ఉండి ఏదో ఒకటి పరిరక్షించకపోతే బావుండదు కనక, కిందటేడు మండలి మా ఫోన్లలోని ప్రైవేటు ఫైళ్ళని పరిరక్షించడానికి పూనుకుంది.

కారణం లేకపోలేదు. హెడ్డాఫీసులో ఒక గుమాస్తా తన ఫోన్లో ‘తాళం పెట్టె’ పెట్టుకున్నాడు. పెట్టె అంటే ఫోన్లోనే ఒక అర. అందులో దాచిన ఫొటోలూ, రికార్డు చేసిన మాటలూ రహస్యపు అంకె కొడితే గానీ తెరుచుకోవు. అంకె మర్చిపోతే ‘మర్చిపోయాను’ అన్న చోట నొక్కాలి. అప్పుడు మన ఈమెయిలు ఎకౌంటుకి ఒక కోడు వస్తుంది. దాంతో కొత్త అంకె పెట్టుకోవచ్చు. అంటే ఎకౌంటు ఎవడి చేతిలో ఉంటే పెట్టె వాడిదే. ఆ గుమాస్తాకి ఎకౌంటు తెరిచిపెట్టింది అతని బావమరిది. ఆ బావమరిది ఒకనాడు సరదాకి ‘మర్చిపోయాను’ అని నొక్కాడు. పెట్టెలో ఏముందో నాకు తెలియదు గానీ, గుమాస్తా ఇప్పుడు విడిగా గది తీసుకుని ఉంటున్నాడు.

మా డివిజన్లో పరిస్థితి ఇంకా అందంగా ఉండేది. మా అందరికీ ఎకౌంట్లు తెరిచింది బస్టాండు ఎదురుగా సెల్లు షాపు నడిపే చిట్టిబాబు. ఫోను కొన్న రోజునే తెరిచి, అందరికీ ఒకే పాస్‌వర్డు పెట్టాడు. తన షాపు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. గుర్తుంచుకోవడం మాకు తేలిక. అతనికీ తేలికే.

ఈ ప్రమాదాన్ని నివారించడానికి వచ్చిన సర్క్యులర్‌ని మా డివిజనల్ అధికారి భానుమూర్తి గారు స్టాఫు మీటింగులో నించుని చదివారు. ఆయన ఏం చెప్పినా “విషయమేమిటంటే” అని మొదలుపెడతారు. వెంటనే ముక్కులోంచి ఒక ‘హుఁ’ వస్తుంది, నూతిలో చేద పడ్డట్టు. చివర “నోట్ చేసుకోండి” అంటారు. మధ్యలో ఏముంటుందో ఆయనకి కూడా అంత ముఖ్యం కాదు.

“విషయమేమిటంటే... హుఁ... హాజరు వేసుకునే యాప్ ఉన్న ప్రతి ఫోనూ మండలి సంరక్షణలో ఉన్నట్టే లెక్క. ఇకమీదట ఉద్యోగి పెట్టె తాలూకు కోడు బంధువులకు గానీ, వ్యాపారస్తులకు గానీ, సదరు ఉద్యోగికి గానీ చేరరాదు. ప్రాపర్ ఛానెల్లో పై అధికారి ఎకౌంటుకి చేరవలెను. కొత్త అంకె పై అధికారే పెట్టి, ఉద్యోగికి తెలియకుండా భద్రపరచవలెను. నోట్ చేసుకోండి.”

మాలో కొందరు నిజంగానే నోట్ చేసుకున్నారు. నేను లేచాను. నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు నరహరి.

“సార్, అంటే నా పెట్టె నేను తెరుచుకోకూడదాండీ?”

“ఎవరి రహస్యం వాళ్ళ చేతిలోనే ఉంటే ఇక రక్షణ ఏముందండీ?”

“మరి మీరు తీయొచ్చా?”

“తీసే అధికారం ఉంది. తీసే ఉద్దేశం లేదు,” అన్నారు భానుమూర్తి గారు. “ఈ రెంటికీ మధ్య ఉన్నదాన్నే పరిపాలన అంటారు.”

ఆ సాయంత్రానికే అందరి పెట్టెలకీ అంకెలు మారిపోయాయి. నా పెట్టె కోడు మా సూపరింటెండెంటు సత్యవేణి గారికి వెళ్ళింది. ఆవిడ ఎకౌంటు భానుమూర్తి గారి ఎకౌంటు కింద, ఆయనది హెడ్డాఫీసులో కార్యదర్శి గారి ఎకౌంటు కింద చేరాయి. పెట్టిన అంకెలు కూడా ఆ ఎకౌంట్లలోనే దాచారు. పైవాడు సరేననందే కిందవాడి ఎకౌంటు తెరుచుకోదు. సత్యవేణి గారు మంచావిడ. “మీ పెట్టెలన్నీ తెచ్చి నా నెత్తినెట్టారు. నా పెట్టె అంకే నాకు తెలీదిప్పుడు,” అని తల పట్టుకున్నారు.

అధికారుల విషయంలో మండలి ఇంకో జాగ్రత్త తీసుకుంది. ఛానెల్లో ఎక్కడైనా చిక్కు పడితే, అధికారి హెడ్డాఫీసు సహాయ విభాగానికి ఫోన్ చేసి స్వయంగా ఆదేశం ఇవ్వొచ్చు. మనిషిని గొంతుని బట్టి యంత్రం గుర్తుపడుతుంది. అందుకు ప్రతి అధికారీ తన గొంతు నమూనా సాయంత్రం అయిదింటికల్లా పంపాలి. భానుమూర్తి గారికి అప్పుడే ఎక్కడో సన్మానం ఉంది. జీపు ఎక్కుతూ నావైపు చూశారు.

“అదేదో గొంతు నమూనా అట. పంపేయండి నరహరీ.”

“మీ గొంతు కదండీ?”

“నా సంతకం కాని కాయితాలు ఇన్ని పంపారు, ఇదో లెక్కా? ఏదో ఒకటి తయారుచేసి పంపండి. ముందుగా నాకు చూపించక్కర్లేదు.”

బయటివాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. మా ఆఫీసులో ఇదే పద్ధతి. ఆయన పేరు మీద వెళ్ళే ఉత్తరాలన్నీ నేనే రాస్తాను. ఆయన ఉపన్యాసాలు నేనే రాస్తాను. ఆయన అత్తగారు పోయినప్పుడు వచ్చిన సంతాపాలకి, ఆయన ఎంత బాధపడుతున్నారో నేనే జవాబులు రాశాను. కాబట్టి రికార్డు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, “విషయమేమిటంటే... హుఁ... ఈ గొంతు నాదే. నోట్ చేసుకోండి,” అన్నాను. ‘నమూనా స్పష్టంగానూ గంభీరంగానూ ఉన్నది’ అని హెడ్డాఫీసు మెచ్చుకుంటూ రాసింది. ఆ మెప్పు మీద భానుమూర్తి గారు టిక్కు పెట్టి ఫైల్లో పెట్టమన్నారు.

నాకు ఆయన గొంతు ఎలా వచ్చిందో చెప్పాలి. నా భార్య వకుళకి సుగరు వల్ల రెండేళ్ళ కిందట చూపు పోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. పగలంతా ఆమెకి వినిపించేది పక్కింటివాళ్ళ మిక్సీ, సందులో కూరగాయల బండి. నేను ఇంటికి రాగానే, “ఇవాళ ఆఫీసులో ఏం జరిగింది?” అని అడిగేది. ఊరికే చెబితే ఏం బావుంటుందని ఆ గొంతులతోనే చెప్పడం మొదలుపెట్టాను. సత్యవేణి గారి నిట్టూర్పు, కాంట్రాక్టర్ల నంగి మాట, అన్నిటికంటే ముఖ్యంగా భానుమూర్తి గారు. ఆయన్ని వకుళ ఎప్పుడూ చూడలేదు, వినలేదు. నా నోట వినడమే. ఆ ‘హుఁ’ రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. చూపు పోయాక ఆమె నవ్వింది మొదట ఆ ‘హుఁ’కే. నాకు ఆ నవ్వంటే ప్రాణం.

“ఇవి రికార్డు చేసి దాచండి. మీరు రిటైరైపోతే ఈ ఆఫీసు నాకెక్కడ దొరుకుతుంది?” అంది. అలా దాచినవే నా పెట్టెలో ఉన్నవి. భోజనాలయ్యాక పాతవి పెట్టించుకుని వినేది. అవి భానుమూర్తి గారి చెవిన పడితే నా ఉద్యోగం సంగతి చెప్పక్కర్లేదు. ఆయన తన మీద జోకు విని నవ్విన దాఖలా మండలి చరిత్రలో లేదు.

సర్క్యులర్ వచ్చిన రోజు రాత్రి వకుళ అడిగింది, “ఆ పాత సన్మానంలో శాలువా పొట్టిదయిన కథ పెట్టండి.”

“పెట్టె మూసేశారు వకుళా.”

“ఎవరు?”

“మండలి. మన ప్రైవేటు విషయాలు భద్రంగా ఉండాలని.”

“ఎవర్నించి?”

“ప్రస్తుతానికి మననించే,” అన్నాను.

ఆమె నవ్వలేదు.

ఇంతటితో ఆగి ఉంటే ఏదోలా సర్దుకునేవాళ్ళం. కానీ పెట్టెలో ఉన్నదంతా ప్రైవేటే అని ఏమిటి నమ్మకం, అని హెడ్డాఫీసుకి అనుమానం వచ్చింది. ప్రైవేటు కాని ఫైలుకి ప్రైవేటు రక్షణ కల్పిస్తే అది అధికార దుర్వినియోగం కదా. అందుకని ప్రతి డివిజన్లోనూ ‘ఏకాంత నిర్ధారణ కమిటీ’ వేశారు. పెట్టె తెరిచి, ఉన్నది చూసి, విని, అది ఇతరులు చూడదగ్గదీ వినదగ్గదీ కాదని తేలితే సర్టిఫికెట్ ఇచ్చి మళ్ళీ మూస్తారు. ఈలోగా ఎవరైనా తమ ఫైలు చెరిపేయమని అడిగితే, అది సాక్ష్యం మాయం చేయడం కిందికి వస్తుంది.

మా కమిటీకి అధ్యక్షులు భానుమూర్తి గారు, సభ్యురాలు సత్యవేణి గారు. నిష్పాక్షికత కోసం సాంకేతిక నిపుణుడి హోదాలో బయటివాడొకడు ఉండాలన్నారు. మా ఊళ్ళో ఫోన్ల విషయం బాగా తెలిసినవాడు సెల్లు షాపు చిట్టిబాబు. ఎవడి చేతిలోంచి మా ఎకౌంట్లు తప్పించడానికి సర్క్యులర్ పుట్టిందో అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కమిటీలో కూర్చున్నాడు.

మొదటి పెట్టె వర్క్ ఇన్‌స్పెక్టరు కామేశానిది. అతను జుట్టు మొలవడానికి రహస్యంగా ఏదో తైలం రాస్తున్నాడు. మొలిచిందో లేదో చూసుకోవడానికి వారానికోసారి నడినెత్తి ఫొటో తీసుకుంటున్నాడు. కమిటీ ఫొటోలన్నీ వరసగా గోడ మీద పెద్దవి చేసి చూసింది.

“విషయమేమిటంటే... హుఁ... ఇందులో ప్రగతి కనిపించడం లేదు,” అన్నారు అధ్యక్షులు.

“ఇది పూర్తిగా ఆయన సొంత విషయం సార్. చూడకూడదు మనం,” అన్నారు సత్యవేణి గారు, మొహం పక్కకి తిప్పుకుని.

“అది నిర్ధారించడానికే కదా చూశాం.”

‘శ్రీ కామేశం గారి నడినెత్తి ఫొటోలు వ్యక్తిగతమైనవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అని సర్టిఫికెట్ ఇచ్చారు. పారదర్శకత ఉండాలి కనక ఒక ప్రతిని నోటీసు బోర్డుకి అంటించారు, అభ్యంతరాలుంటే వారంలోగా తెలియజేయమని. అభ్యంతరం ఒక్కటే వచ్చింది, కామేశం దగ్గర్నించి. సంబంధిత వ్యక్తికి అభ్యంతరం చెప్పే అర్హత లేదని దాన్ని కొట్టేశారు. కామేశం మర్నాడు టోపీ పెట్టుకుని వచ్చాడు. ఆ టోపీని చూడ్డానికి పక్క ఆఫీసుల వాళ్ళు కూడా వచ్చారు.

తర్వాతి గురువారం నా వంతు అన్నారు.

ఆ సంగతి ఇంట్లో చెప్పాను. వకుళ, “ఉద్యోగం పోతే పోయింది లెండి. పగలంతా ఇంట్లోనే ఉంటారు,” అంది. వెంటనే, “ఆ రికార్డులు మాత్రం పోకుండా చూడండి. మీరు ఇంట్లో లేనప్పుడు నేనవి మనసులో తిరగేసుకుంటూ కూచుంటాను. అక్కడక్కడా మర్చిపోతున్నాను,” అంది. ఆ మాటతో ఉద్యోగం మీద బెంగ సగం అయిపోయి, ఆ సగం కూడా రికార్డుల మీదికే పోయింది.

ఈలోగా హెడ్డాఫీసులో కార్యదర్శి గారు దీర్ఘకాలిక సెలవు మీద వెళ్ళారు. కొత్తవారు వచ్చేదాకా, డివిజనల్ అధికారుల్లో సీనియర్ కాబట్టి, ఆ కుర్చీకి కూడా భానుమూర్తి గారినే ఇన్‌చార్జి చేశారు. మేమంతా దండలు వేశాం. ఆ దండల్లో ఆయన ఇంకా ఉండగానే ఆయన ఎకౌంటు మూసుకుపోయింది.

చిక్కు చాలా సులువైనది. డివిజనల్ అధికారి ఎకౌంటు తెరవాలంటే కార్యదర్శి సరేననాలి. కార్యదర్శి కుర్చీ కొత్త చేతికి మారింది కనక, ఆ ఎకౌంటు తెరవాలంటే ఆ కొత్త మనిషి పాత ఎకౌంటు, అంటే డివిజనల్ అధికారిది, సరేననాలి. భానుమూర్తి గారికి భానుమూర్తి గారు అనుమతి ఇస్తే గానీ భానుమూర్తి గారు అనుమతి ఇవ్వలేరు. ఆయన డివిజనల్ అధికారి హోదాలో కార్యదర్శికి ఉత్తరం రాశారు. అంటే నేను రాశాను. దాన్ని కార్యదర్శి హోదాలో చదివి, ‘కారణాలు సంతృప్తికరంగా లేవు, మర్యాద లోపించినది’ అని తిప్పి పంపారు. అదీ నేనే రాశాను. మొదటి ఉత్తరంలో మర్యాద నిజంగానే కాస్త తక్కువైంది.

గురువారం కమిటీ కూర్చుంది. నా ఫోను బల్ల మీద పెట్టారు. నా పెట్టె కోడు సత్యవేణి గారి ఎకౌంటుకి వెళ్ళింది, ఆవిడ ఎకౌంటు భానుమూర్తి గారి అనుమతి అడిగింది, ఆయన ఎకౌంటు ఆయన్నే అడిగింది. అక్కడ ఆగిపోయింది. సాంకేతిక నిపుణుడు తన షాపు పేరూ ఒకటి రెండు మూడూ కొట్టి చూశాడు. పని చెయ్యలేదు. నాకు లోపల్నించి ఆనందం తన్నుకొచ్చింది. మండలి మొట్టమొదటిసారి నా ప్రైవేటు ఫైళ్ళని నిజంగా పరిరక్షిస్తోంది.

“వాయిదా వేద్దామాండీ?” అన్నాను వినయంగా.

“వీల్లేదు,” అన్నారు భానుమూర్తి గారు. అని కాస్త తగ్గి, “విషయమేమిటంటే... నా పెట్టె కూడా ఇందులోనే ఇరుక్కుంది. రేపు రాజమండ్రిలో డాక్టరు దగ్గర అది తెరిచి వినిపించాలి,” అన్నారు. ‘విషయమేమిటంటే’ తర్వాత ఆయనకి ‘హుఁ’ రాకపోవడం అదే మొదటిసారి.

“ఏవుందండీ అందులో?” అన్నారు సత్యవేణి గారు.

“వ్యక్తిగతం.”

“నిర్ధారించాలి కదండీ.”

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. “గురక. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని మా ఆవిడ రికార్డు చేసింది. రెండు నెలలవి ఉన్నాయి. అవి వింటే గానీ డాక్టరు మందివ్వనంటున్నాడు.”

ఎవరం నవ్వలేదు. నాకు ఆయన మీద జాలి కూడా వేసింది. ఊపిరి ఆగిపోయే మనిషి.

ఇక మిగిలింది సహాయ విభాగం. భానుమూర్తి గారు ఫోను స్పీకర్లో పెట్టి, కండువా సర్దుకుని, గంభీరంగా అన్నారు: “విషయమేమిటంటే... హుఁ... నేను భానుమూర్తిని. నోట్ చేసుకోండి.”

“క్షమించాలి,” అంది యంత్రం. “మీ గొంతు శ్రీ భానుమూర్తి గారి గొంతుతో సరిపోలడం లేదు.”

ఆయన ఇంకా గట్టిగా అన్నారు. యంత్రం మళ్ళీ అదే మాట అంది. ఈసారి ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది.

“మీరెవరండీ మాట్లాడేది?”

“నేనే! భానుమూర్తిని! మీ ఇన్‌చార్జి కార్యదర్శిని!”

“భానుమూర్తి గారి గొంతు నా ముందే ఉందండి. ఎంతో నిండుగా ఉంటది. మీది పీలగా ఉంది.”

“పీలగానా!”

“చూడండి, రెండు ప్రయత్నాలు అయిపోయాయి. ఇంకొక్కటే ఉంది. అది కూడా తప్పయితే అధికారి ఎకౌంటు దొంగచేతిలో పడిందని లెక్క. ఆయన కింద ఉన్న పెట్టెలన్నీ వాటంతట అవే శాశ్వతంగా చెరిగిపోతాయి. రహస్యాలు బయటపడకుండా ఉండాలి కదండి. సార్‌ని లైన్లోకి పిలవండి. రెండు నిమిషాలు ఆగుతాను.”

భానుమూర్తి గారు నావైపు చూశారు. నమూనా సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

“నరహరీ. ఆ రోజు... ఎవరి గొంతు పంపారు?”

నాకు ఆ రెండు నిమిషాలూ ఇప్పటికీ గుర్తే. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఎవరి చేతో చేయించాను, అతను ఊరొదిలి పోయాడు అంటే సరిపోతుంది. పెట్టెలు చెరిగిపోతాయి, నా రికార్డులు ఎవరూ వినరు, ఉద్యోగం క్షేమం. మళ్ళీ కొత్తవి చేసుకోవచ్చు. కానీ చూపు పోయిన కొత్తలో చేసిన మొదటి రికార్డులో వకుళ నవ్వు కూడా ఉంది. అది నేను మళ్ళీ ఎక్కణ్ణించి తేగలను? ‘అక్కడక్కడా మర్చిపోతున్నాను’ అన్న మాట చెవిలో ఉంది.

లేచి వెళ్ళి ఫోను ముందు వంగాను.

“విషయమేమిటంటే...” అన్నాను. “హుఁ... ఇందాకట్నించి లైన్లో ఎవరు? అధికారిని ఇంతసేపు నిలబెడతారా? నోట్ చేసుకోండి.”

“గుర్తింపు పూర్తయినది. నమస్కారం సార్,” అంది యంత్రం.

“సార్, క్షమించండి సార్,” అంది అమ్మాయి కంగారుగా. “మీ పేరు చెప్పి ఎవడో...”

సత్యవేణి గారు కళ్ళు పెద్దవి చేసుకుని నన్ను చూస్తున్నారు. చిట్టిబాబు చేతులు జోడించి లేచి నించున్నాడు, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఇద్దరి మధ్యా పెట్టాడు. భానుమూర్తి గారి మొహం మాత్రం నేను చూడలేదు. చూస్తే గొంతు తప్పుతుంది.

“నా ఎకౌంటు తెరవండి.”

“తెరిచాం సార్.”

అక్కడ ఆగాలి. ఆగుదామనే అనుకున్నాను. కానీ ఆ గొంతులోకి వెళ్ళాక ఏదో ధైర్యం వస్తుంది. ఆయన రోజూ ఎంత హాయిగా బతుకుతున్నారో అప్పుడే అర్థమైంది.

“విషయమేమిటంటే... హుఁ... మా డివిజన్లో ఎవరి పెట్టె తాళం వాళ్ళకే ఇచ్చేయండి. కోడు వాళ్ళ ఎకౌంటుకే వెళ్ళాలి. ఎకౌంటు పాస్‌వర్డు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. పై అధికారికి గానీ, బావమరిదికి గానీ, సెల్లు షాపుకి గానీ చెప్పక్కర్లేదు. ఆ కమిటీని రద్దు చేయండి.”

“ఆపండి!” అని అరిచారు భానుమూర్తి గారు. “నేనలా అనలేదు! ఇది నా ఆదేశం కాదు!”

“సార్,” అంది అమ్మాయి మెల్లిగా, “మీ వెనకాల ఎవరో మీలా మాట్లాడాలని చూస్తున్నారు సార్. ఇందాకటి వాడే. జాగ్రత్తండి.”

“తెలుసమ్మా. పట్టించుకోకండి. నోట్ చేసుకోండి.”

“నోట్ చేసుకున్నాను సార్.”

బల్ల మీద ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి టింగుమన్నాయి. బయట వరండాలోంచి కామేశం కేక వినిపించింది, పెట్టె తెరుచుకుందని. నేను నా ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

“మిమ్మల్ని సస్పెండ్ చేస్తున్నాను,” అన్నారు భానుమూర్తి గారు. ఆయన గొంతు నిజంగానే కొంచెం పీలగా ఉంది.

సత్యవేణి గారు దగ్గారు. “సస్పెన్షన్ అంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలండీ. కొత్త నిబంధన ప్రకారం ఫోన్లో గొంతుతో ధ్రువీకరించాలి.”

“ఎవరి గొంతుతో?”

“మీదేనండీ,” అని ఆవిడ నావైపు చూశారు.

పోనీ, ఆ నమూనా తనది కాదని రాసి మార్పించుకుందామంటే, తనది కాని గొంతుని తనదిగా పంపినట్టు ఒప్పుకోవాలి. దానికి శిక్ష ఏమిటో సర్క్యులర్లో ఉంది. ఆయన ఆ పేరా రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, “నరహరి గారూ, మీరు సీటుకి వెళ్ళండి,” అన్నారు. నన్ను ఆయన ‘గారూ’ అనడం అదే మొదలు.

ఆ రాత్రి ఇంట్లో పాతవన్నీ పెట్టాను. వకుళ తన నవ్వు తనే విని, “ఇది నేనేనా?” అంది. తర్వాత వాటిని వేరే మెమరీ కార్డులోకి ఎక్కించి, పాస్‌వర్డు మార్చుకున్నాను. కొత్త పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదు. వకుళకి కూడా చెప్పనంటే, “ఆ మాత్రం నేను కనిపెట్టలేనా,” అంది. కనిపెట్టింది. మర్నాడు మళ్ళీ మార్చాను.

హెడ్డాఫీసు ఊరుకుంటుందా. ఇన్‌చార్జి కార్యదర్శి గొంతుని ఎవడో అనుకరించే ప్రయత్నం చేశాడని నివేదిక వెళ్ళింది కనక, ప్రతి నెలా మొదటి పనిదినాన ఆయన ఫోన్ చేసి తన గొంతు నిరూపించుకోవాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. లేకపోతే జీతం ఆగుతుంది. ఆ మొదటి నెల ఆయనా నేనూ రికార్డు గదిలో తలుపేసుకుని ఆ పని కానిచ్చాం. రెండో నెల మొదటి పనిదినాన నేను సెలవు పెట్టాను, వకుళని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని.

మేము ఇంటికి తిరిగి వచ్చేసరికి వీధి అరుగు మీద భానుమూర్తి గారు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే వేలు పెదవుల మీద పెట్టి, తను వచ్చినట్టు తెలియనివ్వొద్దని సైగ చేశారు. వకుళని లోపలి గదిలో పడుకోబెట్టి, ఆయన్ని ముందు గదిలో కూర్చోబెట్టాను. ఫోను అందించారు. నేను మెల్లిగా, “విషయమేమిటంటే... హుఁ... నేను భానుమూర్తిని. నోట్ చేసుకోండి,” అన్నాను. యంత్రం నమస్కారం పెట్టింది. ఆయన జీతం ఇంకో నెల దాకా క్షేమం.

ఆయన ఊపిరి పీల్చుకుని లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, అధికారం గుర్తొచ్చి కాబోలు, వెనక్కి తిరిగారు.

“విషయమేమిటంటే... హుఁ... మొదటి పనిదినాన సెలవులు పెట్టకండి. నోట్ చేసుకోండి.”

లోపలి గదిలోంచి వకుళ గొంతు వినిపించింది. “ఏవండీ, మొదట చేసింది బావుంది. రెండోసారిది ఆయనలా లేదు. అలిసిపోయినట్టున్నారు, కాసిని మంచినీళ్ళు తాగండి.”

భానుమూర్తి గారు తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి, లోపలి గది వైపు చూశారు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. మెల్లిగా వెనక్కి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, నా చెవిలో గుసగుసగా అడిగారు.

“ఏం లోటుందో అడగండి.”

“ఏం లోటుంది వకుళా?” అన్నాను.

“హుఁ ఆలస్యంగా వచ్చింది. ‘నోట్ చేసుకోండి’ అన్నప్పుడు పొగరు చాల్లేదు. పాపం, ఎవర్నో బతిమాలుతున్నట్టుంది. ఆయన అలా అనరుగా.”

భానుమూర్తి గారు కండువా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. నిటారుగా కూర్చుని, నావైపు కాదు, ఆ గది గుమ్మం వైపు చూస్తూ మళ్ళీ అన్నారు.

“ఆఁ, ఇప్పుడు కాస్త నయం,” అంది వకుళ. “ఏదీ, ఇంకొక్కసారి.”

ఆయన ఇంకోసారి అన్నారు.